సాదా ప్లాను

4 జూన్ 2008, బుధవారం

నందిగామ డాక్టరు అమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వైపు ఎత్తి చూసి, గుండె పెరిగిందన్నాడు.

"పెద్ద మనసైతే మంచిదే గదయ్యా" అంది అమ్మ. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మెట్లెక్కకూడదట. బరువు మొయ్యకూడదు, బస్సు ప్రయాణాలు మానుకోవాలి, ఉప్పు తగ్గించాలి. ఇలా ఎన్నాళ్ళండీ అని అడిగాను. నా మొహం చూడకుండా మందుల చీటీ రాస్తూ, "జాగ్రత్తగా ఉంటే చాన్నాళ్ళు" అన్నాడు. ఆ అన్న తీరు నాకు నచ్చలేదు. సరిగ్గా చెప్పండి అని గట్టిగా అడగబోతే అమ్మ నా చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

చిల్లకల్లు దాటాక బస్సులో అంది: "చిన్నోణ్ణి ఒకసారి చూడాలిరా పెద్దోడా."

తమ్ముడు థామస్ కోయంబత్తూరు బైండింగు ప్రెస్సులో చేరి రెండు నెలలే. క్రిస్మస్ దాకా సెలవు లేదు. మధ్యలో వస్తే ఆ ఉద్యోగం ఉండదు. చెవులు వినపడనివాడికి మళ్ళీ ఎవడిస్తాడు? తన జబ్బు సంగతి వాడికి రాయొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఫోను చేద్దామంటే వాడికి వినపడదు. ఉత్తరం రాద్దామంటే అమ్మకి చదువు లేదు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నవి చేతులే.

వాడి హాస్టల్లో ఆదివారం సాయంత్రాలు కెమెరా ఉన్న కంప్యూటరు ఇస్తారట. ఇక్కడ లక్ష్మీకాంత్ నెట్ సెంటర్లోనూ కెమెరా ఉంది. అది రెండో అంతస్తులో. ఊళ్ళో బస్సు దిగాక అమ్మని రిక్షాలో కూర్చోబెట్టి నేను పైకెక్కి లెక్కపెట్టి వచ్చాను. ముప్పై నాలుగు మెట్లు.

కాబట్టి నెట్టు మా ఇంటికే రావాలి.

7 జూన్, శనివారం

మధ్యాహ్నం పని మానేసి తిరిగాను. నేను కంపోజింగు చేసే డీటీపీ షాపు ఓనరు జీతం కోస్తానన్నాడు. కోసుకోమన్నాను.

ముందు ఫోన్ల ఆఫీసుకే వెళ్ళాను. ప్రజల డబ్బుతో వేసిన లైను ఉండగా వేరేవాడి గుమ్మం ఎక్కడం నా పద్ధతి కాదు. లైన్‌మాన్ రత్తయ్య బాబాయి బయట బెంచీ మీద చుట్ట కాలుస్తున్నాడు.

"మీ పేట దాకా కేబులు తవ్వలా అబ్బాయ్. చర్చి దగ్గిర ఆగింది."

"ఎప్పుడు తవ్వుతారు బాబాయ్?"

"దేవుడు పిలిస్తే నేను పోతా, కాంట్రాక్టరు వస్తే కేబులొచ్చిద్ది. రెండూ ఎప్పుడో నాకు తెలవదు."

దరఖాస్తు ఇచ్చాను. నలుగురు అధికారులకీ నకళ్ళు పెట్టాను. అమ్మ గుండె సంగతి దరఖాస్తులో రాయలేదు. హక్కు అడిగేవాడు జాలి అడగకూడదు.

సెల్లు కంపెనీవాళ్ళు అమ్మే కార్డుతో బొమ్మ రాదట, వచ్చినా నెల జీతం దానికే పోతుంది. ఇక మిగిలింది భవానీప్రసాద్ కేబుల్ నెట్టు. ఊరందరికీ టీవీ కనెక్షన్లిచ్చే ఆయనే పోయినేడాది నుంచి ఆ వైర్ల పక్కనే నెట్టు వైరు కూడా లాగుతున్నాడు. ఆయన ఇచ్చేది ఒకటే రకం, ఫ్యామిలీ ప్లాను. నెట్టుతో పాటు సినిమాల ఖజానా, పిల్లల ఆటలు, పాటలు, నెలకో సీడీ, ఏడాదికో గోడ గడియారం. నాలుగొందల డెబ్బై ఐదు.

నాకు గోడ గడియారం ఎందుకు?

బజారులో పార్టీ మీటింగప్పుడు కొన్న రెండు రూపాయల పుస్తకం తీసి మళ్ళీ చదివాను. అక్కర్లేనిదాన్ని అవసరమని నమ్మించడంతోనే దోపిడీ మొదలవుతుందని అందులో ఉంది. ఆ వాక్యం కింద రెండేళ్ళ కిందటే ఎర్రపెన్నుతో గీశాను. ఇవాళ ఇంకో గీత గీశాను.

11 జూన్, బుధవారం

భవానీప్రసాద్ ఆఫీసుకి వెళ్ళాను. డిష్షుల కింద ఏసీ గది. ఆయన సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఉలవచారు పొట్లం విప్పుతున్నాడు.

"రావయ్యా ప్రేమదాసూ. ఏంది, మళ్ళీ కరపత్రమా? ఈసారి నా ఫోటో మంచిది వెయ్యి."

పోయినేడు కేబుల్ రేట్లు పెంచినప్పుడు నేను వేసిన కరపత్రం ఆయనకింకా గుర్తుంది.

"నెట్టు కావాలి. ఉత్త నెట్టు. మీ సినిమాలూ పాటలూ గడియారాలూ వద్దు. అవన్నీ తీసేసి రేటు చెప్పండి."

"అన్నం హోటల్లో కూర వద్దంటే రేటు తగ్గిస్తాడా?"

"తగ్గించాలి. తగ్గించకపోతే అది హోటలు కాదు."

అక్కడున్న కుర్రాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. తరవాత నిజంగానే అడిగాడు, వేళాకోళంగా కాదు. ఇప్పుడు రాస్తుంటే అలాగే అనిపిస్తోంది. "ఇంతకీ నీకు నెట్టు దేనికయ్యా? దాన్ని బట్టి చెప్తా."

"అది మీకెందుకు? బియ్యం కొంటే ఎవరు తింటారని అడుగుతారా?"

"సరే బాబూ, అడగను. నువ్వొక్కడివే అయితే నా వల్ల కాదు. పదిహేనిళ్ళు పట్టుకురా, మీ పేటకే ఒక సాదా ప్లాను పెడతా."

పట్టుకొస్తా అన్నాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో "గడియారమైనా తీసుకో బాబాయ్" అన్నారు.

12 జూన్

కరపత్రం కంపోజు చేశాను. 'మాకు అక్కర్లేనిది మాకు అమ్మొద్దు'. అమ్మకి చదివి వినిపిస్తే, "బాగుంది నాయనా, మరి చిన్నోడు ఎప్పుడు కనపడతాడు?" అంది.

15 జూన్, ఆదివారం

లక్ష్మీకాంత్ దగ్గర మూడొందల కరపత్రాలు పెట్టి వచ్చాను. వాడు షావుకార్ల పిల్లాడైనా నాతో కాలేజీలో ఒకే బెంచీ. వాళ్ళ నాన్న కిరాణా హోల్‌సేలు పైనే వాడి నెట్ సెంటరు.

కరపత్రం చదివి వాడొక మాటన్నాడు. "ఒరే దాసూ, నెట్టు అంటే రెండు గొట్టాలురా. ఒకటి వచ్చేది, ఒకటి పోయేది. అందరూ వచ్చేదే చూస్తారు. నీకు కెమెరా పని గదా, పోయేది కూడా ఎంతో కనుక్కో."

అంత పెద్ద ప్లాను కావాలంటే నీ నెట్ సెంటరుకే వస్తాలేరా అన్నాను. వాడి మొహం మాడిపోయింది. వ్యాపారస్తుల పిల్లలకి ఏది చూసినా పెద్దదే అమ్మాలనిపిస్తుంది. నేనన్నది తప్పు కాదు.

22 జూన్, ఆదివారం

పద్దెనిమిది ఇళ్ళు. పద్దెనిమిది. టీచర్లున్న ఇళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీలో చేసేవాళ్ళ ఇళ్ళు, పరీక్షల రిజల్టు కోసం పిల్లలకి నెట్టు కావాలనుకున్న ఇళ్ళు. సంతకాల కాయితంతో అందరం కలిసి ఆయన ఆఫీసుకి పోయాం. మా పేట పెద్ద వరప్రసాదరావు మాస్టారు కూడా వచ్చారు.

భవానీప్రసాద్ క్యాలుక్యులేటరు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేశాడు. సినిమాలు పోయినయ్యి. సీడీ పోయింది. గడియారం పోయింది. మూడొందల పది దగ్గర ఆగాడు. నేను రెండొందల యాభై అన్నాను.

"ఇంక తగ్గాలంటే లైన్లోనే కొయ్యాలయ్యా. వచ్చే స్పీడు రెండొందల యాభై ఆరు అట్టాగే ఉంచుతా. పోయేది నూట ఇరవై ఎనిమిది నుంచి ముప్పైరెండుకి దించుతా. సరేనా?"

"దించండి. మా పేటోళ్ళం ఏం ఎగుమతి చేస్తాం ఇక్కణ్ణించి?"

అందరూ గొల్లుమన్నారు. మాస్టారు నా భుజం తట్టారు. భవానీప్రసాద్ కూడా నవ్వి సాదా ప్లాను అని కాయితం మీద రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు.

నా జీవితంలో మొదటిసారి ఒక కరపత్రం పని చేసింది. ఇంటికొచ్చి అమ్మకి చెబితే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నాకు నమ్మకం లేకపోయినా వంగి నిలబడ్డాను.

6 జూలై, ఆదివారం

వచ్చింది.

షాపులో పక్కన పడేసిన కంప్యూటరు తెచ్చాను, కెమెరా కొన్నాను. అమ్మ పొద్దున్నే తలంటుకుని చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర కట్టుకుంది. ట్యూబులైటు కింద కుర్చీ వేశాను. సాయంత్రం ఐదున్నరకి తెర మీద థామస్.

ఎంత తేటగా ఉన్నాడో. వాడి గడ్డం కింద మచ్చ కూడా కనపడింది. చిన్నప్పుడు పొయ్యి రాయి మీద పడ్డాడు. అమ్మా వాడూ ఆ మచ్చనే వాడి పేరు చేసుకున్నారు, గడ్డం కింద వేలితో గీస్తే థామస్. నా పేరు కనుబొమల మధ్య వేలు పెట్టి నొక్కడం. నేను మొహం ముడుచుకుంటానని వాడు నాలుగేళ్ళప్పుడు పెట్టాడట.

అమ్మ కుర్చీలోంచి లేచి తెరని తడిమింది. "చిక్కాడు" అంది నాతో. తరవాత చేతులతో మొదలుపెట్టింది. వాడు చేతులతో బదులిస్తున్నాడు. తెర మూలన చిన్న డబ్బాలో అమ్మ బొమ్మ పడుతోంది, అద్దంలో చూసినట్టు. వాడికి అలాగే కనపడుతూ ఉంటుంది.

నేను పక్కన నిలబడ్డాను. నాకు వాళ్ళ సైగల్లో ఏడెనిమిదే తెలుసు. అన్నం, నీళ్ళు, రా, పో, డబ్బులు, అంతే. పదో తరగతిలో చదువే విముక్తి అని ఎక్కడో చదివి, వాడు సైగ చేస్తే మొహం తిప్పుకునేవాణ్ణి. పలక చేతికిచ్చి రాయమనేవాణ్ణి. ఇది వెనకబాటు, వాణ్ణి మనిషిని కానివ్వట్లేదు నువ్వు అని అమ్మ మీద అరిచేవాణ్ణి. నా వల్లే వాడికి నాలుగు ముక్కలు రాయడం వచ్చింది. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి.

గంట మాట్లాడుకున్నారు.

13 జూలై, ఆదివారం

ఇవాళ వాడు కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేశాడు. 'అన్నా. అమ్మ మసక. చెయ్యి ముక్కలు ముక్కలు.'

ఒళ్ళు మండింది. నా డబ్బాలో అద్దంలా ఉంటే వాడికి మసకేమిటి? వెంటనే టైపు చేశాను: ఈ లైను కోసం నేనెంత పోరాడానో నీకు తెలుసా? పద్దెనిమిది ఇళ్ళని ఒక్కటి చేశాను. తప్పు నీ వైపుది. నీ కంప్యూటరు పాతది అయి ఉంటుంది. మీ వార్డెనుతో కొట్లాడు, నోరు మూసుకుని పడి ఉండకు.

నోరు అని రాసినందుకు తరవాత సిగ్గేసింది. వాడు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తరవాత టైపు చేశాడు. 'ఇప్పుడు బాగుంది.'

చెప్పానా.

20 జూలై

బాగా జరిగింది. వాడు అన్నిటికీ తలూపుతున్నాడు.

27 జూలై

బాగానే జరిగింది. అమ్మ ఒకటే సైగ నాలుగైదు సార్లు చేసింది. వాడు తలూపాడు. ఆ తరవాత వాడు వాళ్ళ హాస్టల్ క్యాలెండరు తెచ్చి చూపించాడు. ఆమె అడిగింది దాన్ని గురించి కాదనుకుంటాను. "ఏం అడిగావమ్మా?" అన్నాను. "ఏం లేదులే, జ్వరం తగ్గిందా అని" అంది. వాడికి జ్వరం వచ్చినట్టు నాకు తెలియదు.

10 ఆగస్టు, ఆదివారం

అమ్మ కొత్త అలవాటు చేసుకుంది. చేతులు ఊపడం తగ్గించి వస్తువులు తెచ్చి కెమెరా ముందు పెడుతోంది. పెట్టి కదలకుండా పట్టుకుంటుంది. ఇవాళ ఒక వంకాయ, మా గుడ్లకోడి, క్రిస్మస్‌కి వాడికోసం తీసిన చొక్కా గుడ్డ. కోడి ఊరుకోలేదు, దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆ మనిషికి ఆయాసం.

"సంతలో కొట్టు పెట్టావా అమ్మా? మాట్లాడుకోమని గదా ఇదంతా తెచ్చింది."

"వాడికి చూడాలని ఉంటది గదరా. నీకేం, ఇంట్లోనే ఉంటివి."

వస్తువు చూపించినప్పుడు మాత్రం వాడు నవ్వుతున్నాడు. చప్పట్లు కొడుతున్నాడు.

24 ఆగస్టు

కరెంటు లేదు. అమ్మ తెల్లచీర కట్టుకుని ఏడింటి దాకా కుర్చీలోనే కూర్చుంది.

2 సెప్టెంబరు, మంగళవారం

నందిగామ ఆసుపత్రి. కాళ్ళకి నీరు. వరప్రసాదరావు మాస్టారు పిలిపించిన కారులో తీసుకెళ్ళాను. డాక్టరు ఈసారి చాన్నాళ్ళు అనలేదు. చిన్నబ్బాయిని పిలిపించుకోండి అన్నాడు. అమ్మ వినింది. "క్రిస్మస్‌కి వస్తాడు గదయ్యా, అప్పటిదాకా ఆపండి" అంది, బేరం ఆడినట్టు.

ఒట్టు తీసెయ్యమని అడిగాను. తియ్యనంది. పాస్టరు గారి చేత చెప్పిస్తానన్నాను. "నువ్వు పాస్టరు గారి మాట ఎప్పుడు విన్నావురా" అంది.

నేను రాయలేదు. రాయాలని తెలుసు. నాకు ఒట్ల మీద నమ్మకం లేదు గదా, అయినా రాయలేదు.

14 సెప్టెంబరు, ఆదివారం

కోపంగా ఉంది కాబట్టి వరసగా రాస్తున్నాను.

ఇవాళ అమ్మ వస్తువులేమీ తేలేదు. లేవలేకపోయింది. మంచం మీదే దిండు ఆనించి కూర్చోబెట్టి కెమెరా అటు తిప్పాను. చాలాసేపు వాణ్ణి చూసింది. తరవాత చేతులు మొదలుపెట్టింది, చాలా నెమ్మదిగా. ముందు తన కళ్ళ ముందు అరచెయ్యి అడ్డంగా ఊపింది, పొగ తోసినట్టు. గడ్డం కింద గీసింది. తల అడ్డంగా తిప్పింది. చెయ్యి తన గుండె మీద వేసుకుని తలూపింది. తరవాత నా గుర్తు, కనుబొమల మధ్య వేలు. పిడికిలి బిగించి నోటికి ఆనించుకుంది. మళ్ళీ నా గుర్తు. కింది నుంచి పైకి రెండు చేతులూ లేపి, పాలగిన్నె మీద ఊదినట్టు ఊదింది. చివర తన కళ్ళు చూపించి, వాణ్ణి చూపించి, పొట్ట మీద చెయ్యి వేసి రుద్దుకుంది.

రెండుసార్లు నా గుర్తు. నా ఎదుటే నా మీద చాడీలు. నేను వాళ్ళిద్దరికీ ఇంత చేస్తే, నేను కోపిష్టినని, పాలు పొంగినట్టు పొంగుతానని వాడికి చెబుతోంది. పొట్టదేమిటో తెలియలేదు. నేను అన్నం పెట్టట్లేదని కాబోలు.

వాడు ఎప్పటిలాగే తలూపాడు.

"ఏం చెప్పావు నా గురించి?" అని అడిగాను.

"మంచిగానే చెప్పాలే" అంది, కళ్ళు మూసుకుని.

నేను బయటికి పోయాను. తొమ్మిదింటికి వచ్చాను. నిద్రపోయింది.

17 సెప్టెంబరు

అమ్మ పొద్దున పోయింది.

23 సెప్టెంబరు, మంగళవారం

టెలిగ్రాము అందుకుని థామస్ పద్దెనిమిదో తేదీ సాయంత్రానికి వచ్చాడు. సమాధి వాడి కోసం ఆపారు. నేను వాణ్ణి బస్టాండులో దింపుకుంటే వాడు నన్ను పట్టుకోలేదు, నా వెనక్కి చూశాడు, అమ్మ కూడా వచ్చిందేమోనన్నట్టు.

ఐదు రోజులు ఉన్నాడు. ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో అందరూ పాడుతుంటే వాడు వాళ్ళ పెదవులు చూస్తూ కూర్చున్నాడు.

నిన్న మధ్యాహ్నం నా నోటుబుక్కులో ఒక కాయితం చింపి రాసి ఇచ్చాడు. ఇక్కడ అంటిస్తున్నాను. 'అన్నా. చివర ఆదివారం అమ్మ ఏం చెప్పింది? నాకు అమ్మ చెయ్యి ఎప్పుడూ కనపడలా. మసక. వంకాయ కనపడింది. కోడి కనపడింది. చివర రోజు నీ గుర్తు కనపడింది. మిగతా లేదు.'

రెండు నెలలు. పది ఆదివారాలు.

ముందే ఎందుకు చెప్పలేదురా అని అరిచాను. వాడికి వినపడదని తెలిసీ అరిచాను. జనం గుమ్మంలోకి వచ్చారు. పలక మీద రాశాను, ముందే ఎందుకు చెప్పలేదు? వాడు రాయలేదు. కనుబొమల మధ్య వేలు పెట్టుకున్నాడు. అంతే.

పలక పగలగొట్టాను.

ఇవాళ పొద్దున వాడు వెళ్ళిపోయాడు. ఉద్యోగం ఉందో లేదో తెలియదు. నేను బస్టాండుకి వెళ్ళలేదు.

26 సెప్టెంబరు, శుక్రవారం

లక్ష్మీకాంత్ అమ్మ పోయినప్పుడు వచ్చాడు గాని నాతో మాట్లాడలేదు. ఇవాళ నేనే ఆ మెట్లెక్కాను.

వాడు ఏమీ దెప్పలేదు. ఒక పాత బిల్లు వెనక రెండు గీతలు గీశాడు, ఒకటి లావు, ఒకటి సన్నం. "లావుదాంట్లోంచి వాడు నీ దగ్గరికి వచ్చాడు. అందుకే నీకు మచ్చ కూడా కనపడింది. అమ్మ పోవాల్సింది ఈ సన్నదాంట్లోంచి. కదలకుండా ఉన్నది పట్టిద్ది. చెయ్యి ఊపితే పట్టదు."

"నా డబ్బాలో బాగానే ఉంది గదరా?"

"అది నీ కెమెరా నీకే చూపిస్తదిరా. అది ఎక్కడికీ పోదు."

మళ్ళీ నేనే అడిగాను. పోయేది నూట ఇరవై ఎనిమిది ఉండి ఉంటే?

వాడు కౌంటరు తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిందే తుడిచాడు.

మా పేటోళ్ళం ఏం ఎగుమతి చేస్తాం ఇక్కణ్ణించి. అందరూ నవ్వారు. మాస్టారు భుజం తట్టారు.

29 సెప్టెంబరు

అమ్మకి తెలుసా? కోడిని ఎందుకు అంత బిగించి పట్టుకుంది?

3 అక్టోబరు, శుక్రవారం

పని మానేసి ఇంట్లో పడుకున్నాను. ఈ డైరీ మొదటి నుంచీ చదివాను. ప్రతి ఆదివారం బాగా జరిగింది, బాగా జరిగింది అని రాసుకున్నాను. చించేద్దామనుకున్నాను.

పద్నాలుగో తేదీ పేజీ దగ్గర ఆగాను. కోపంతో రాసింది. ఒక్కొక్క సైగా వరసగా ఉంది.

అమ్మ చివరి మాట నా దగ్గర ఉంది. నేను చదవలేను. చదవగలిగినవాడు దాన్ని చూడలేదు.

6 అక్టోబరు, సోమవారం

భవానీప్రసాద్ దగ్గరికి వెళ్ళి ఫ్యామిలీ ప్లాను కావాలన్నాను. కుర్రాళ్ళెవరూ నవ్వలేదు. ఆయన సోఫా మీంచి కాళ్ళు దించి కూర్చున్నాడు.

"మీ అమ్మగారి సంగతి రత్తయ్య చెప్పాడయ్యా. ఆమె నీ తమ్ముడితో మాట్లాడేదానికా అది?"

అవునన్నాను.

"అడిగా గదయ్యా ఆ రోజు, దేనికని. చెప్పుంటే మిగతావి కోసేవాణ్ణి గాని అది కోసేవాణ్ణి కాదు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. కాయితం మీద సంతకం పెట్టాను. కుర్రాడు సాయంత్రమే వచ్చి లైను మార్చాడు. పోతూ పోతూ గుమ్మంలో ఒక అట్టపెట్టె పెట్టాడు. గోడ గడియారం.

అద్దం ముందు నిలబడి సైగలు సాధన చేశాను. నా చేతులు కరపత్రం పంచినట్టు కదులుతున్నాయి. అమ్మవి అలా కదలవు.

12 అక్టోబరు, ఆదివారం

ఐదున్నరకి థామస్ వచ్చాడు. ఉద్యోగం ఉంది, జీతం పట్టుకున్నారట. ముందు టైపు చేశాను: అమ్మ చివర రోజు చేసింది నేను రాసుకున్నాను. చేసి చూపిస్తాను. నాకు అర్థం తెలియదు. నీకు కనపడుతోందా?

'బాగా కనపడుతోంది' అని టైపు చేశాడు. ఇంతకు ముందు కూడా బాగుందనే టైపు చేశాడు. అందుకని కెమెరా ముందు చెయ్యి ఊపి, ఎన్ని వేళ్ళు అని అడిగాను. సరిగ్గా చెప్పాడు. మళ్ళీ ఊపాను. మళ్ళీ చెప్పాడు.

అమ్మ మంచం మీద, అమ్మ దిండుకి ఆనుకుని కూర్చున్నాను. డైరీ మోకాలి మీద పెట్టుకున్నాను.

కళ్ళ ముందు పొగ తోశాను. గడ్డం కింద గీశాను. తల అడ్డంగా తిప్పాను. గుండె మీద చెయ్యి వేసుకుని తలూపాను. కనుబొమల మధ్య వేలు పెట్టాను. పిడికిలి నోటికి ఆనించాను. మళ్ళీ నా గుర్తు. చేతులు పైకి లేపి ఊదాను. నా కళ్ళు, వాడు, పొట్ట మీద చెయ్యి.

వాడు తెర దగ్గరికి వంగాడు. మళ్ళీ చెయ్యమని వేలు తిప్పాడు. మళ్ళీ చేశాను. మూడోసారి చేస్తుంటే తల వంచి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ముక్కే వచ్చింది.

'చిన్నోడికి మసక. కనపడదు. అమ్మకి తెలుసు.'

'అన్నకి చెప్పొద్దు.'

'అన్న పొంగుతాడు. ఊదు. చల్లగా చెయ్యి.'

 తరవాత:

'అమ్మ చిన్నోణ్ణి చూసింది. కడుపు నిండింది.'

చదివాను. మళ్ళీ చదివాను. మూలన చిన్న డబ్బాలో మంచం మీద నేను ఉన్నాను, చేతులు ఇంకా పొట్ట మీదే ఉన్నాయి.

తల ఎత్తేసరికి థామస్ కీబోర్డు పక్కకి తోసేసి చేతులతో మాట్లాడుతున్నాడు. నాతో కాదు. వాడి చూపు మంచం మీదే ఉంది గాని నా మీద లేదు. వేళ్ళు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, భుజం మీద కొట్టుకుంటున్నాడు, గడ్డం కింద గీస్తున్నాడు, ఏదో మోస్తున్నట్టు రెండు చేతులూ చాపుతున్నాడు. ఎంత తేటగా ఉందో. ప్రతి వేలూ కనపడుతోంది. గోరు కింద బైండింగు జిగురు కూడా కనపడుతోంది.

నాకు ఒక్కటీ అర్థం కాలేదు.

చేతులు ఆపి వాడు నా వంక చూశాడు, బదులు కోసం.

నేను తలూపాను.